ములికి

ఏడాదిగా ఆమె కంప్యూటర్ తెర మీద అదే ఎర్రగీత. టీవీ తెరల్లో వాడే ద్రవస్ఫటికంలో (లిక్విడ్ క్రిస్టల్) పుల్లల్లాంటి అణువులు ఎటు తిరిగి ఉంటాయో, వంచితే ఎంత బిగుస్తాయో లెక్కగట్టడం ఆమె పని. సరిగ్గా నడిమధ్యన, ఆ ఎర్రగీత ఉన్నచోట, ఆ బిగువు చుక్కలనంటుతోంది. తల బాదుకుని బాదుకుని, చివరికి దానికో కారణం అల్లి, వ్యాసం రాసి జర్నల్‌కి పంపింది.

పక్కగదిలో మైక్రోస్కోపు దగ్గర పనిచేసే వదిన టీ గ్లాసుతో వచ్చి తెరకేసి చూసింది.

"నా గాజుపలకల్లో ఈ గీత ఎప్పుడూ కనపళ్ళేదు. అయినా బాణాలు ఇటు పైకి, అటు కిందికి ఉన్నాయేంటి? ఆ పుల్లల్ని తిరగేసినా ఒకటేగా!"

ఆమె గబగబా ప్రోగ్రాము మొదటి లైన్లు తెరిచింది. మొదటిరోజు ప్రతి పుల్లకీ ములికి తగిలించి బాణం చేసింది తనే. నడిమధ్యన పుల్లలన్నీ పల్టీ కొట్టాయనుకుని ప్రోగ్రాము ఏడాదిపాటు గగ్గోలు పెట్టింది. రెండు లైన్లు మార్చగానే గీత మాయమైంది.

"పీడ విరగడైందిగా, ఇంకా ఆ మొహమేంటి?" అంది వదిన.

ఆమె చల్లారిన టీ పక్కకు జరిపింది.

"నా వ్యాసం వేసుకుంటామని జర్నల్ నుంచి పొద్దున్నే జవాబొచ్చింది వదినా. గీత బొమ్మ అట్ట మీదే వేస్తారట."