ఎండాడ ఎత్తు మీద ఓడ ఇనుము

పోర్టులో ఇంజనీరు ఉద్యోగం ఎందుకు మానుకున్నారన్న సంగతి గురునాథరావు గారు చర్చించరు. అడిగినవారికి మంచినీళ్లిచ్చి పంపిస్తారు. తక్కిన విషయాల్లో ఆయన దినచర్య మల్కాపురంలో అందరికీ తెలిసినదే. లేవగానే ఆటుపోట్ల పట్టిక చూసుకుంటారు, కాఫీ తాగుతారు, ఆ తరవాతనే వీధి గేటు తీస్తారు. ఆ గేటు ఓడ ఇనుముతో చేసినది. విరగ్గొట్టిన ఓడల ఇనుము ఎంత దూరాన ఉన్నా సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తేలికై, ఆటు వేళ బరువెక్కుతుంది. పోటులో చిటికెన వేలితో తెరుచుకునే గేటు ఆటులో ఇద్దరు మగవాళ్లు నెట్టినా కదలదు. ఆ పేటలో బీరువా మోసే కూలీలు సైతం ముందు పోటు ఎప్పుడని అడిగి గాని బేరానికి రారు.

ఒకనాడు పక్క వీధి దేవి వచ్చి అరుగు ముందు నిలబడింది. హార్బరులో చేపలు కొని మధురవాడ అపార్టుమెంట్లలో అమ్ముకునే మనిషి.

"ఆటోవోళ్లు బుట్టలు ఎక్కించుకోడం మానీసినారు బాబుగారు. సీటు కంపు కొడతందంట. ఇలాగైతే నా యాపారం పోయినట్టే. మా ఆయన బైకుంది, నాను నడుపుతాను. ఎనకాల తగిలించుకోడానికి ఒక బండి కావాల. కొక్కెం మీరు గీసిత్తే వెల్డింగు సింహాద్రి సేత్తానన్నాడు."

"నేను గీయను."

"మీరు గీయకపోతే ఆడే సొంతంగా ఆలోసించి సేసీత్తాడంట."

సింహాద్రి ఆలోచన ఎలాంటిదో గురునాథరావు గారికి తెలుసు. లేచి చొక్కా తొడుక్కున్నారు.

దేవితో కలిసి ఆటోనగర్ షెడ్డుకు వెళ్లేసరికి సింహాద్రి అప్పటికే వెల్డింగు రాడ్డు పట్టుకుని ఉన్నాడు. "ఇందులో ఏటుంది బాబుగారు, కేరియర్‌కి గట్టిగా అతికించీత్తే జన్మలో ఊడదు."

"ప్రమాదం అక్కడే ఉంది. మలుపులో మోటారుసైకిలు ఒరుగుతుంది, వెనక బండి ఒరగదు. రెంటినీ ఒక్కటి చేస్తే వెనకది ముందుదాన్ని పడదోస్తుంది."

ఆయన సుద్దముక్కతో నేల మీదనే గీశారు. కొక్కెం కేరియర్ మీద కాదు, కింద, వెనక చక్రం ఇరుసు ఎత్తున ఉండాలి. అన్ని వైపులా తిరగడానికి పాత జీపు క్రాసు. దానికి అడ్డంగా, బండిలోంచి చెయ్యి చాపితే అందేలా, ఒక పిన్ను. తక్కినదంతా, బండి చక్రాలతో సహా, ఓడ ఇనుమే. పోటు నిండుగా ఉన్న వేళ బయలుదేరితే చిన్న ఇంజను సైతం ఎత్తు ఎక్కగలదు.

"ఈ పిన్నెందుకు బాబుగారు?" అన్నాడు సింహాద్రి.

"విడదీయవలసి వస్తే."

తాను గీసినదాని మీద మొదటి భారం తానే కావాలన్నది ఆయన చదువుకున్న కాలపు నియమం. అందుచేత తొలి ప్రయాణంలో బండిలో కూర్చుంటానన్నారు.

"సేపల మధ్యనా?" దేవి నవ్వింది. "కొనీవోళ్లు మిమ్మల్నీ తూకమెయ్యమంటారు."

బయలుదేరే నాటి ఉదయం పోటు నిండింది. చేపలు, ఐసు పెట్టెల్లోకి ఎక్కాయి. ఆయన ముందు వైపున, కొక్కేనికి దగ్గరగా కూర్చున్నారు. దేవి కిక్కు కొట్టబోతుండగా అత్తగారు గురువమ్మ కొబ్బరికాయతో అడ్డం వచ్చింది.

"వర్జ్యం నడస్తంది. వర్జ్యంలో పడవే దింపం, బండి దింపుతామేటి?"

"పోటు తగ్గిపోతుంది," అన్నారాయన.

"పోటు మల్లీ వత్తాది బాబూ. కోడలు మల్లీ వత్తాదా?"

ఒకసారి అన్న మాటను మరొకసారి అనే అలవాటు ఆయనకు లేదు. వర్జ్యం వెళ్లేదాకా అందరూ కూర్చున్నారు.

మధురవాడ దారిలో హనుమంతవాక దాటేసరికే ఇంజను గొంతు మారింది. సముద్రం ఆటు తీస్తోంది. ఎండాడ ఎత్తు సగం ఎక్కగానే క్లచ్ కాలిన వాసన వచ్చింది. బైకు ఆగింది, వణికింది, మెల్లగా వెనక్కి జారసాగింది. దేవి రెండు బ్రేకులూ నొక్కింది. చక్రాలు తిరగడం మానినా జారడం మానలేదు. కింద మలుపులోంచి ఒక టాంకరు హారను మోగిస్తూ పైకి వస్తోంది.

"బాబుగారు, దూకీయండి."

దూకితే బండి ఆమెను లాక్కుపోతుంది. బండిని విడదీస్తే బైకు నిలబడుతుంది, బండి ఒక్కటే దిగువకు పోతుంది. లోపలున్నవాడితో సహా. లెక్క కష్టమైనది కాదు. గురునాథరావు గారు చెయ్యి చాపి పిన్ను పట్టుకుని లాగారు.

అది రాలేదు. మోకాళ్ల మీద వంగి రెండు చేతులా లాగారు. కండరాలు పట్టేశాయి గాని పిన్ను మాత్రం వెంట్రుకవాసి కదలలేదు. ప్రతి ముక్కనూ తానే గీసిన ఆయన, పిన్ను కూడా ఓడ ఇనుమేనన్న మాట ఒక్కటి మరిచారు.

టాంకరు ముఖం దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే దూరాన నీళ్లు ఇంకాస్త వెనక్కి పోయి ఉండాలి, బండి ఒక్కసారిగా కూలబడినట్టు బరువెక్కింది. చక్రాలు ఎండకు మెత్తబడ్డ తారులోకి ఇరుసు దాకా దిగాయి. బండి ఆగింది. దానికి వేలాడుతూ బైకూ ఆగింది. టాంకరు పక్కకు కోసుకుని పోతుంటే డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఆటులో ఓడినుమేసుకుని కొండెక్కుతారేటి? సూత్తే సదువుకున్నోల్లా ఉన్నారు."

సముద్రం తిరిగేదాకా అక్కడే ఉండవలసి వచ్చింది. దారిన పోయే ఆఫీసువాళ్లు బైకులు ఆపి చేపలడిగారు. తాజావేనా అంటే, "బాబుగారు కాపలా కూసున్నారు, అనుమానమేటి," అంటూ దేవి అమ్మింది. మళ్లీ పోటొచ్చి చక్రాలు తారులోంచి వాటంతటవే పైకి తేలేసరికి పెట్టెలు ఖాళీ అయ్యాయి.  తిరుగుదారి పొడుగునా గురునాథరావు గారు పిన్ను అచ్చు పడ్డ అరచేతులను జేబుల్లోంచి తీయలేదు.

అది మొదలు దేవి వర్జ్యమూ పోటూ రెండూ చూసుకునే బయలుదేరుతోంది. ఎత్తు మీదనే కొన్ని చేపలు అమ్ముతోంది. ఆ రోజు ప్రస్తావన తెచ్చినప్పుడల్లా ఆయన క్లచ్ ప్లేటు నాణ్యత గురించి వివరిస్తారు.

వానలు మొదలయ్యాక పక్క వీధి నుంచి ఆయనకు పోస్టులో ఉత్తరం వచ్చింది.

"బాబుగారికి దేవి దండాలు. ఎదురుగా అడిగితే మీరు క్లచ్ గురించి మొదలెడతారు, అందుకే రాత్తన్నాను. ఆ రోజు బైకు అద్దంలో మీ సెయ్యి పిన్ను మీద సూసినాను. తీసుంటే నాను బతికీదాన్ని, మీరు ఉండీవోరు కాదు. అది రాలేదా, మీరు తియ్యలేదా? రాలేదంటే సముద్రానికి దండమెట్టుకుంటాను. తియ్యలేదంటే మాత్రం మీతో దెబ్బలాడాల, నన్ను కూడా సంపేద్దామనుకున్నారా అని. ఒక్క ముక్క రాయండి."

గురునాథరావు గారు కలం మూత తీశారు; రాలేదని రాస్తే ఎందుకు రాలేదో కూడా రాయాలి. తరవాత మూత పెట్టేశారు. ఆ ఉత్తరానికి ఆయన జవాబు రాయలేదు.