వంకర మడమ

బల్లకట్టు నీళ్ళ మధ్యకి వచ్చేసరికి కౌకో ఎడమచేతిని మీట మీదే ఉంచి, కుడి అరచేతిలో రెండు చుక్కలు అవిసె నూనె వేసుకుని, ఒళ్ళో ఉన్న తుపాకి కొయ్యని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దేకొద్దీ కొయ్య వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ నూనె తాగుతుంది. కింద నీళ్ళలో ఇనుప తాడు రింగుమంటోంది. అవతలి ఒడ్డు మంచుపొగలోంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. ముందు రేవు దీపం, తర్వాత పసుపురంగు భూర్జ చెట్లు, ఆ తర్వాత పాల లారీ.

హౌకిసల్మి రేవులో అతన్ని అందరూ బల్లకట్టు కౌకో అనే పిలుస్తారు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, చలి కొరికి అంచు ముడుచుకున్న ఎడమ చెవి. అతని తండ్రి ఇదే సరస్సు మీద, ఇదే చోట, చేత్తో తాడు లాగి జనాన్ని దాటించాడు. తండ్రి నడుము పడిపోయాక కౌకో వచ్చి ఆ తాడు పట్టుకున్నాడు. తర్వాత ఇంజను వచ్చింది, చేతులకి కొంచెం తీరిక దొరికింది. ఆ తీరికలోకి తుపాకులు వచ్చాయి. పూర్వం సైన్యంలో ఆయుధాలు బాగుచేసిన ముసలాయన ఒకడు ఆ ఒడ్డునే ఉండేవాడు. చనిపోయేలోపు తన ఉలులూ ఆకురాళ్ళూ, వాటితోపాటు తన ఓపికా కౌకోకి ఇచ్చిపోయాడు. కైనూ అడవుల్లో తుపాకి లేని ఇల్లు ఉండదు కాబట్టి పనికి కరువు లేదు. కౌకో మాత్రం ఒక్కసారి కూడా వేటకి వెళ్ళలేదు. వేట రోజుల్లోనే రేవులో బళ్ళు బారులు తీరతాయి. అందరినీ అడవివైపు దాటించేవాడు ఒకడుండాలి కదా.

లారీ బల్లకట్టు మీదికెక్కింది. పాలవాడు తాహ్వో దిగి, చేతులు రుద్దుకుంటూ క్యాబిన్‌లోకి తల పెట్టాడు.

"అన్నా, ఎన్నాళ్ళ నుంచో అడుగుదామనుకుంటున్నా. ఆ తుపాకి మీద లారీ ఎక్కిందా? ఎక్కింది నా లారీయే అయితే చెప్పెయ్, తప్పు ఒప్పుకుంటా."

చూసినవాడెవడైనా అదే అంటాడు. కొయ్య ముందు భాగం తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది. తూటాని లోపలికి తోసే బోల్ట్ కూర్చునే చోటు దాటగానే అది కుడివైపుకి ఒయ్యారంగా వంగి, మళ్ళీ బుద్ధి తెచ్చుకున్నట్టు వెనక్కి, భుజానికి ఆనే మడమ దాకా సాగుతుంది. నిద్రలో పక్కకి దొర్లిన మనిషిలా.

"సాయిమికి చెప్పకు," అన్నాడు కౌకో. ఆ వేసవి అంతా ఎవరేమడిగినా అతని జవాబు అదొక్కటే.

"రెండు ఒడ్లూ కడుపులో దాచుకున్న మాట. నాకొక్కడికే నోరు ఆగదనుకున్నావా? అది సరే, ఇవాళ సాయంత్రమే పరీక్ష. ఇంకెప్పుడు చెప్తావు నువ్వు?"

కౌకో ఇంకో రెండు చుక్కలు నూనె వేసుకున్నాడు.

సాయిమి తపాలా బట్వాడా చేస్తుంది. పసుపుపచ్చ కారులో రోజూ ఇటూ అటూ దాటుతుంది. నవ్వితే ఆ ఒడ్డుకి వినిపించే మనిషి. గుర్రం కంటే ఎత్తుండే దుప్పిని, హిర్విని, ఒక్క తూటాతో పడగొట్టగల వాళ్ళు ఆ వేట సంఘంలో కొద్దిమందే. అందులో ఆమె ఒకతె. చిత్తడి నేల అంచున, పొద్దుపొడుపు వైపు, ఆమె తండ్రి మాటు వేసి నిలబడిన చోటు ఆయన తర్వాత ఆమెకి వచ్చింది. కిందటేడు చలికాలం స్కీల మీద పోతుంటే స్ప్రూస్ చెట్టు రెమ్మ ఒకటి మంచు దులుపుకుని పైకి లేచి ఆమె కుడికంట్లో కొట్టింది. పట్నంలో డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఆ కంటికి ఇప్పుడు పాలలాంటి తెలుపు తప్ప ఏమీ కనిపించదు. ఒక కన్నుతో కారు నడపొచ్చన్నారు. తుపాకి సంగతి అడిగితే నవ్వి ఊరుకున్నారట.

ఎడమ భుజానికి ఆనించుకుని ఎడమ కన్నుతో కాల్చవచ్చు కదా అని అందరూ సలహా చెప్పారు. చిన్నప్పుడు గడ్డిబండి మీంచి పడి విరిగిన భుజం అది. తుపాకి వెనక్కి తన్నిన ఒక్క దెబ్బకే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ ఏడు గురి పరీక్ష నెగ్గకపోతే చిత్తడి అంచున ఆ చోటు ఇంకొకరికి పోతుంది. సంఘం పెద్ద ఉర్పో మంచివాడే, మెత్తగానే చెప్పాడు, వేటగాళ్ళకి సూపు కాచడానికి ఎప్పటికీ స్వాగతమే అని. సూపు కలపడానికి గరిటె చాలు, నేనెందుకు అందిట సాయిమి. ఆ మాట చెప్పి బల్లకట్టు మీద ఎప్పటిలాగే పెద్దగా నవ్వింది. అయితే ఆ రోజు నవ్వు సగం సరస్సు దాకానే వెళ్ళింది. అది కౌకో ఒక్కడే గమనించాడు.

ఆ వారమే అతను తుపాకి వెతకడం మొదలుపెట్టాడు. చనిపోయిన అడవి గార్డుది ఒకటి వాళ్ళ ఆవిరిస్నానాల గదిలో మేకుకి వేలాడుతోందని తెలిసింది. ఏళ్ళ తరబడి ఆవిరి తాగి గొట్టం ఎర్రగా తుప్పు పట్టింది. బోల్ట్ కదలదు. కొయ్య పగిలితే ఎవరో పడవకి పూసే వార్నిషుతో అతికించారు. వారసులు దాన్ని ఇస్తూ మొహమాటపడ్డారు. కౌకో మాత్రం ఇంటికొచ్చి, గొట్టాన్ని కిరసనాయిల్‌తో కడిగి, దీపానికి ఎదురుగా పెట్టి లోపలికి చూశాడు. మసి వెనకాల తూటాని తిప్పే చారలు వెండి మురుగుల్లా మెరుస్తూ కనిపించాయి. ఆ రాత్రి ఒంటరి ఇంట్లో ఈల వేసుకుంటూ చేపలు వేయించుకున్నాడు.

తుప్పుకి తుప్పే మందు. గొట్టాన్ని రాగిరేకుతో గీకి తెల్లగా చేశాక, కావాలనే పల్చగా తుప్పు పట్టించి, మరిగే నీళ్ళలో ముంచి, ఉక్కుపీచుతో తోమాడు. మళ్ళీ పట్టించాడు, మళ్ళీ ముంచాడు. ప్రతిసారీ ఒక ఛాయ నలుపు దిగి, చివరికి కాకిరెక్కలాంటి నిగనిగ వచ్చింది. బోల్ట్ పిడిని కాల్చి కొంచెం కిందికి వంచాడు, చేతికి వెతక్కుండా దొరికేలా.

కొయ్య దగ్గర ఆలోచన ఆగిపోయింది. ఆమె భుజం కుడిది, కన్ను ఎడమది. రెంటికీ మధ్య ముక్కు అడ్డం. తిన్నని చెక్కని వంకరగా చెక్కితే నార తెగి ఏదో ఒకనాడు విరుగుతుంది. పుట్టుకతోనే వంగిన కొయ్య కావాలి. మూడు ఆదివారాలు అడవి తిరిగాడు. మంచు బరువుకి చిన్నప్పుడే వంగిపోయి, ఆ వంపుతోనే లావెక్కి, తర్వాత ఆకాశంవైపు లేచిన భూర్జ ఒకటి వాగు పక్కన కనిపించింది. దాన్ని చూసి కౌకో టోపీ తీశాడు. ఎవరూ చూడలేదని నిర్ధారించుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇక కొలతలు. అడగకుండా ఒక ఆడమనిషి చెంపా మెడా భుజమూ కొలవడం ఎలా? ఒక మధ్యాహ్నం ఆమె కారు బల్లకట్టు ఎక్కగానే కొత్త తెడ్డు ఒకటి అందించి, అది తిన్నగా ఉందో లేదో భుజానికి ఆనించి చూసి చెప్పమన్నాడు. తెడ్డుని ఎవరైనా గురిపెట్టి చూస్తారా అని ఆమె వింతగా చూసింది. అయినా చూసింది, తిన్నగానే ఉందని చెప్పింది. ఆమె చెంప ఆనినచోట కౌకో గోటితో గుర్తు పెట్టుకున్నాడు.

ఇవాళ పొద్దున ఆమె కారు వచ్చినప్పుడు కొయ్యని దుప్పటికింద దాచి, వాతావరణం బాగుందన్నాడు. ఆమె అవునంది. మధ్యాహ్నం తిరిగి వచ్చినప్పుడు, చలి పెరిగేట్టుందన్నాడు. ఆమె దానికీ అవునంది. దాటడానికి పట్టే కాసేపట్లో ఇంకో మాట పెగల్లేదు. దయతో ఇచ్చిందేదీ సాయిమి తీసుకోదు. విరిగిన భుజంతో కూడా పక్కవాళ్ళ చేత సంచీ మోయించని పిల్ల ఆమె. బడి రోజుల నుంచి తెలుసు అతనికి. సాయంత్రం పాల లారీ వెనక్కి వచ్చేసరికి కౌకో మొహం చూసి తాహ్వో, నేనే చెప్పేయనా అని అడిగాడు. వద్దని తల ఊపాడు కౌకో. డ్యూటీ మారాల్సిన మనిషి ముందే వచ్చి మీట అందుకున్నాడు. కౌకో మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళినప్పుడే గొట్టాన్ని కొయ్యలో కూర్చోబెట్టి బిగించి తెచ్చాడు. తుపాకి లైసెన్సు ఇంకా అతని పేరునే ఉంది. దుప్పట్లో చుట్టిన తుపాకితో, పరీక్షకి బయల్దేరిన తపాలా కారుకి ఎదురుగా నిలబడ్డాడు.

సాయిమి అద్దం దించింది. తాహ్వో లారీ చక్రం ఒకటి ఎంతో శ్రద్ధగా పరీక్షించడం మొదలుపెట్టాడు.

"ఇది నీది," అన్నాడు కౌకో. "కుడి భుజం, ఎడమ కన్ను. నప్పకపోతే పొయ్యిలో పెట్టేస్తా."

ఆమె దిగి దుప్పటి విప్పింది. వంపు పొడుగునా చెయ్యి మెల్లగా నడిపించింది.

"ఇదేనా తెడ్డు?"

కౌకో చెవులు ఎర్రబడ్డాయి.

"కౌకో, తెడ్డుకి గురి చూడమన్న రోజే తెలిసిపోయింది నాకు. ఎండాకాలం అంతా చీపురు భుజాన పెట్టుకుని ఎడమ కన్నుతో పశువులకొట్టం తలుపు గొళ్ళెం మీద గురిపెడుతున్నా. నువ్వు ఇవాళ్టిక్కూడా నోరు విప్పకపోతే నేనే వచ్చి లాక్కుందామనుకున్నా. పొద్దున వాతావరణం గురించి చెప్పావు చూడు, అప్పుడే తన్నాలనిపించింది."

ఇప్పుడు నవ్వింది. ఆ నవ్వు ఒడ్డుకి తగిలి తిరిగొచ్చింది. తాహ్వో చక్రాన్ని వదిలేసి టోపీ గాల్లోకి విసిరాడు. అది నీళ్ళలో పడింది.

గురి కాల్చే మైదానం అవతలి ఒడ్డున, పాత ఇసుక గుంటలో ఉంది. ఉర్పో గడియారం పట్టుకుని నిలబడ్డాడు. దుప్పి బొమ్మ గుండె దగ్గర గీసిన వలయంలో, ఒకటిన్నర నిమిషంలో, నాలుగు తూటాలూ పడాలి. వంకర తుపాకిని చూసి వరసలో వాళ్ళు ఎకసెక్కాలాడారు. మూల తిరిగి కాల్చడానికి బాగుంటుందన్నారు ఒకరు. సాయిమి కూర్చుంది, భుజానికి ఎత్తింది. మొదటిది లోపలే పడింది. రెండోదానికి మడమ భుజంలోంచి జారింది. మూడోది వలయం బయట ఇసుక లేపింది.

ఇంకోసారి ప్రయత్నించవచ్చని ఉర్పో మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనమే అసలు నొప్పి. సాయిమి తుపాకిని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. కౌకో ఆమె భుజాన్నే చూస్తున్నాడు. ఉన్నట్టుండి అతనికి తట్టింది. తెడ్డు పట్టుకున్నప్పుడు ఎండాకాలం. పల్చటి చొక్కా. ఇప్పుడు ఒంటిమీద మేకపిల్లంత లావు ఉన్ని స్వెట్టరు. మడమ ఆ మందం మేరకి పొడుగైపోయింది.

"సాయిమీ," అన్నాడు, మైదానమంతటికీ వినిపించేలా. "స్వెట్టరు విప్పు."

అన్నేళ్ళలో కౌకో ఒక ఆడదానితో అన్న అతి తెగువ మాట అదేనని తాహ్వో తర్వాత ఊరంతా చెప్పుకు తిరిగాడు. ముందు ఉర్పో పొట్ట ఊగింది, తర్వాత అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా సాయిమి నవ్వింది. నవ్వుతూనే స్వెట్టరు తీసి అతని చేతుల్లో పడేసింది. చలికి చేతులమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తుపాకి ఎత్తింది. ఈసారి మడమ భుజం గుంటలో కోడి గూట్లో కూర్చున్నట్టు కూర్చుంది. చెంప తన చోటికి తను వచ్చింది.

నాలుగు పేలుళ్ళు. మధ్యలో బోల్ట్ నూనెలో కత్తిలా వెనక్కీ ముందుకీ జారిన చప్పుడు.

ఉర్పో బొమ్మ దగ్గరికి నడిచి వెళ్ళాడు, వంగి చూశాడు, అరచెయ్యి చాపి వలయం మీద పెట్టాడు. ఈసారి పడిన నాలుగు చిల్లులూ ఆ చెయ్యి కింద దాగిపోయాయి. అతను వెనక్కి తిరిగి టోపీ తీశాడు.

చీకటి పడుతుండగా కారు దగ్గర కౌకో మడమ చివర ఎంత కోయాలో పెన్సిల్‌తో గీస్తున్నాడు, స్వెట్టరు వేసుకున్న ఆమె భుజానికి ఆనించి చూసి మరీ. దీనికి ఏమివ్వాలని ఆమె అడగలేదు. అడిగితే అతను సరస్సులో దూకుతాడని ఆమెకి తెలుసు.

"ఒకటే లోపం ఉంది దీనికి," అంది.

పెన్సిల్ ఆగింది.

"కుడివైపు నుంచి హిర్వి వస్తే నాకు కనపడదు. ఆ చిత్తడి దగ్గర కుడివైపు అంతా అడవే. చూసి చెప్పేవాళ్ళు ఒకళ్ళు కావాలి. ఎక్కువ వాగకుండా కూర్చోగలిగే మనిషయితే మంచిది."

కౌకో గీసిన గీతనే మళ్ళీ గీశాడు. రేవు ఎవరు చూస్తారని గొణిగాడు. సెలవు మనిషిని, బదులు మీట పట్టేవాణ్ణి, పక్క రేవు నుంచి పిలిపించమని తాహ్వో చేత ఇంతకుముందే ఫోను చేయించానని ఆమె చెప్పింది. వేటంతా అయ్యేదాకా.

శనివారం తెల్లవారకముందే కౌకో అలవాటుకొద్దీ క్యాబిన్‌లోకి వచ్చి కూర్చున్నాడు. సెలవు మనిషి మీట దగ్గర నిలబడి చెయ్యి పెట్టనివ్వలేదు. తాహ్వో పెళ్ళాం పంపిన రొట్టె, బంగాళాదుంప ముద్ద మీద పుల్లటి లింగన్ పళ్ళు పరిచి కాల్చింది, కాగితంలో ఇంకా వెచ్చగా ఉంది. కౌకో అప్పుడే ఒక ముక్క కొరికాడు. రేవులో కారు దీపాలు వెలిగాయి. బల్లకట్టు మీదికి వచ్చి ఆగాక సాయిమి డ్రైవరు సీట్లోంచే వంగి అవతలి, కుడివైపు తలుపు తెరిచింది. అన్నేళ్ళలో తొలిసారి అతను ఆ నీళ్ళని కారులో ప్రయాణికుడిగా దాటాడు, ఆమె కుడిపక్కన కూర్చుని. అవతలి ఒడ్డున కారు పైకెక్కి, మలుపు తిరిగి, చెట్లలోకి వెళ్ళిపోయింది.

ఖాళీ బల్లకట్టు వెనక్కి వస్తోంది. క్యాబిన్ కిటికీ గూట్లో ఒక్క కొరుకు కొరికిన రొట్టె అలాగే ఉంది. పంటిగుర్తు పక్కనుంచి ఎర్రటి పళ్ళరసం కాగితం మీదికి మెల్లగా దిగుతోంది.