దోబ్రింకా ఎన్ని కిలోలు ఎత్తింది?

యాభై ఒక్కటో ఏట దోబ్రింకాకు నడుము పట్టేయడం మొదలైంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి ఊళ్లో ఆడవాళ్ల జుట్టు కత్తిరించి, రంగులు వేసే మనిషికి నడుము పట్టేస్తే ఇక బతుకు బండి ఏం నడుస్తుంది? డాక్టరు మాత్రలు రాయకుండా, "బరువులెత్తండి," అన్నాడు. ఆయన వేళాకోళం ఆడుతున్నాడనుకుని వారం రోజులు అలిగింది. తర్వాత వెళ్లి, పాత గ్రంథాలయం కింద నేలమాళిగలో క్రుమ్ మాష్టారు నడిపే వెయిట్ లిఫ్టింగ్ హాల్లో చేరింది.

మాష్టారికి డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు జిల్లా తరఫున పోటీలకు వెళ్లినవాడు. నున్నటి గుండు కావడంతో దోబ్రింకా కత్తెరతో ఆయనకెప్పుడూ పనిపడలేదు.

జూన్‌లో ఆవిడ నేల మీది రాడ్డును తొడల దాకా ఎత్తి నిటారుగా నిలబడగలిగింది నలభై కిలోలతో. అది చూసి ఆవిడే నివ్వెరపోయింది. ఆ తర్వాత నలభై ఐదు, యాభై, యాభై ఐదు... నడుము నొప్పి సంగతే మరిచిపోయింది. దాని బదులు కొత్త జబ్బొకటి పట్టుకుంది. హాల్లోకి రావడం, చెప్పులు విడిచి బూట్లు తొడగడం, మాష్టారు చెప్పిన తేలిక బరువులన్నీ పక్కన పెట్టి, నిన్నటికంటే ఎక్కువ ఎత్తగలనా అని చూసుకోవడం. రోజూ ఇదే వరస. ఆగస్టు వచ్చేసరికి యాభై ఐదు దగ్గర బండి ఆగిపోయింది. ఒక్కోరోజు అదీ లేచేది కాదు.

"ఏమే అమ్మాయ్, ఇంట్లో పెరుగు తోడేస్తావా?" అని అడిగాడు మాష్టారు.

"వేస్తాను."

"వేసి గంటకోసారి వేలు పెట్టి చూస్తావా?"

"ఎందుకు చూస్తాను? విరిగిపోదూ!"

"మరి నీ కండల్లో రోజూ వేలెందుకు పెడుతున్నావ్? వాటినీ కాస్త తోడుకోనీ."

దోబ్రింకా బుద్ధిగా తలూపి, మర్నాడు మళ్లీ యాభై ఐదు మీద పడింది. దాంతో మాష్టారికి ఒళ్లు మండింది. గోడలకు వేయగా మిగిలిన బూడిద రంగు డబ్బా తీసి, రాడ్డుకు తగిలించే ప్లేట్ల మీది అంకెలన్నింటికీ పూసేశాడు. అవన్నీ రబ్బరు తొడుగుతో ఒకే ఎత్తున్న ఇనుప ప్లేట్లు. తలోచోటా తయారైనవి కాబట్టి మందాన్ని చూసి బరువు చెప్పడం ఎవరి తరమూ కాదు.

"లెక్క నా బుర్రలో ఉంటుంది. అక్టోబరు మొదటి శనివారం పరీక్ష. అప్పటిదాకా నేను తగిలించింది ఎత్తు, దించు, ఇంటికెళ్లు."

"మాష్టారూ, ఇది అన్యాయం!"

"అన్యాయమే. వంగు, రాడ్డు పట్టుకో."

కొన్నాళ్లు ఓర్చుకుంది. సెప్టెంబరులో ఒక గురువారం ఎత్తిన బరువు మాత్రం చేతులకు కొత్తగా తగిలింది. ఎంతని అడిగితే మాష్టారు ఈల వేసుకుంటూ పక్కకు తిరిగాడు. ఆవిడ బూట్ల తాడు కట్టుకుంటున్నట్టు వంగి, ఆ ప్లేట్లన్నింటి అంచునా గోళ్ల రంగుతో ఒక్కో చుక్క పెట్టి వచ్చేసింది.

ఇక కావలసింది కాటా. ఊళ్లో పెద్ద కాటా ఉన్నది అక్క మొగుడు గాంచో దగ్గర. గాంచో సంతలో కూరగాయలు అమ్ముతాడు. సెప్టెంబరంతా ఆయన కొట్టు ముందు జనమే జనం. ఏడాది పచ్చడికి కండగల పెద్ద ఎర్ర మిరపకాయలు బస్తాల లెక్కన కొనే రోజులవి. దోబ్రింకా కూడా మొన్ననే నలభై కిలోలు తీసుకెళ్లి కాల్చి, తొక్కలు వలిచి, సీసాలకెత్తింది.

"బావా, ఓ పూట నీ కాటా ఇస్తావా?"

గాంచో మీసం దువ్వడం ఆపేశాడు. "ఎందుకు మరదలా? నేను తూచే ఇచ్చానుగా మిరపకాయలు."

"మిరపకాయలకు కాదు. ఇనుముకి."

"మిరపకాయలకు కాదుగా?"

"కాదంటే వినవేం? అవెప్పుడో పచ్చడైపోయాయి."

"ఇనుమే అయితే భేషుగ్గా తీసుకెళ్లు," అన్నాడు గాంచో, గుండెల మీంచి బస్తా దించుకున్నవాడిలా.

మధ్యాహ్నం మాష్టారు భోంచేసి కునుకు తీసే వేళ చూసి, గుమ్మం పైనుండే తాళంచెవితో హాల్లో జొరబడింది. చుక్కల ప్లేట్లు ఒక్కొక్కటే కాటా ఎక్కించింది. బరువైనవి రెండూ ఇరవై రెండేసి. తేలికవి రెండూ ఐదున్నరేసి. రాడ్డు పదహారున్నర. వేళ్ల మీద కూడుకుంది. డెబ్బై ఒకటిన్నర! ఎవరూ లేని హాల్లో ఒక చుట్టు గంతులేసింది.

సాయంత్రానికల్లా సెలూన్లో తల వంచినవాళ్లందరి చెవినా ఆ అంకె పడింది. వాళ్లలో మాష్టారి పెళ్లాం కూడా ఉంది.

మర్నాడు మాష్టారు గుమ్మంలోనే పట్టుకున్నాడు. "డెబ్బై ఒకటిన్నర ఎత్తావట?"

దోబ్రింకా నాలుక కరుచుకుంది. ఎలాగూ దొరికిపోయింది కదాని తెగించి, "ఎత్తాను. తూచి మరీ చూసుకున్నాను," అంది.

"నేను తగిలించింది అరవై ఐదు."

"కాదు. బరువైనవి ఇరవై రెండేసి ఉన్నాయి."

"అవి పోటీల్లో వాడిన ప్లేట్లే తల్లీ. ఇరవై అంటే ఇరవయ్యే. ఇరవై రెండు కిలోల ప్లేటు భూమ్మీద ఎవడు చేస్తాడు? ఇంతకీ ఎవడి కాటా అది?"

"మా గాంచో బావది."

మాష్టారు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, బెంచీ మీద కూలబడి, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. దోబ్రింకాకు ఏడుపొకటే తక్కువ. ఆరున్నర కిలోలు గాల్లో కలిసిపోయాయి మరి. అంతలో ఆ ఏడుపు మధ్యలోనే ఇంకో లెక్క తట్టింది. ఇరవైని ఇరవై రెండు చూపించే కాటా మీద తను కొన్న నలభై కిలోల మిరపకాయలు...

"ఓరి నీ మీసం కాలా!" అంది పైకే.

"ఆ ప్లేటు ఓసారి ఎరువివ్వండి మాష్టారూ," అంది తర్వాత.

శనివారం సంత కిటకిటలాడుతోంది. దోబ్రింకా ఇరవై కిలోల ప్లేటును చంటిపిల్లలా రొమ్ముకు హత్తుకుని, వీధి పొడుగునా నడిచొచ్చి, వరసలో నిలబడ్డ వాళ్లందరినీ దాటి, దాన్ని కాటా మీద దబ్బున పడేసింది.

"బావా, ఇదెంతో కాస్త చెప్పు."

గాంచో అలవాటు కొద్దీ చూసి గట్టిగా చదివేశాడు. "ఇరవై రెండు! అయినా ఈ చెత్త నాకెందుకే మరదలా, తీసెయ్."

దోబ్రింకా చేతిసంచిలోంచి గోళ్ల రంగు తుడిచే మందు తీసి, దూదితో తీరిగ్గా రుద్దింది. బూడిద రంగు కరిగి, కింద ఇరవై అంకె బయటపడింది. వరసలో ముందున్న ముసలావిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది.

"ఇరవై అని ఉందే!"

"అదీ... పైన రంగుందిగా! రంగు బరువు!" అన్నాడు గాంచో.

"రెండు కిలోల రంగా నాయనా? మా ఇల్లు మొత్తానికీ అంత పట్టలేదు."

సంతంతా గొల్లుమంది. గాంచో ముఖం ఆయన అమ్మే మిరపకాయల రంగులోకి దిగింది. అప్పటిదాకా బస్తాల వెనక కూర్చుని వెల్లుల్లి జడలల్లుతున్న దోబ్రింకా అక్క స్టానా లేచొచ్చింది. ప్లేటు వంకా, మొగుడి వంకా చూసి, "ఈ సీజను ఎవరెవరు మన దగ్గర కొన్నారో అందరూ రండి," అని కేకేసింది. "పది కిలోలకు కిలో చొప్పున ఈయన మీ ఇంటికి మోసుకొచ్చి ఇస్తాడు. బండి మీద కాదు, భుజం మీద!"

గాంచో మోశాడు. పొద్దుగూకేదాకా ఊళ్లో మెట్లన్నీ ఎక్కి దిగాడు. దోబ్రింకాకు రావలసిన నాలుగు కిలోలూ ఆవిడ ఇంట్లో దించి, గుమ్మంలోనే చతికిలబడి, "మరదలా, నా నడుము..." అన్నాడు.

"బరువులెత్తు బావా, పోతుంది," అంది దోబ్రింకా. మంచినీళ్లు మాత్రం ఇచ్చింది.

అక్టోబరు మొదటి శనివారం పరీక్ష. మాష్టారు ఒక్కో ప్లేటూ తగిలించాడు. ఎంతో చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఊపిరి బిగబట్టి లాగితే రాడ్డు మోకాళ్ల దాకా వచ్చి ఆగింది. చెవుల్లో హోరు. దించేద్దామనుకుంది. దించలేదు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, నిటారుగా నిలబడింది.

"డెబ్బై," అన్నాడు మాష్టారు.

"మా బావ కాటా మీదైతే డెబ్బై ఏడు!"

"నోర్ముయ్. బయట ఆ మాటన్నావంటే మళ్లీ రంగు పూస్తాను."

సోమవారం సెలూన్లో జుట్టుకు రంగు పెట్టించుకుంటున్న పంతులమ్మ అడిగింది, ఎంత ఎత్తావని. డెబ్బై అంది దోబ్రింకా.

"అంటే ఎక్కువా, తక్కువా?"

దోబ్రింకా బ్రష్షును రంగు గిన్నెలో ముంచింది.

"జూన్‌లో నలభై దగ్గర కళ్లు తేలేశానండీ," అని చెప్పి, ఆవిడ తల పక్కకు వంచి, చెవి వెనకున్న తెల్లవెంట్రుకల మీద పడింది.