పిట్టలకు చాలినంత

మూడో అంతస్తులో నలభై ఏడో స్పీకరు దగ్గర సర్వానీ ఆగి దానికి చెవి ఆనించాడు. కిటికీల్లేని మేడ కావడంతో పట్టపగలే చీకటిగా ఉంది. కాళ్ల కింద పిట్టల రెట్ట మెత్తగా తగులుతోంది. పైన దూలాల అంచుల వెంట, వాలెట్ పిట్టలు తమ ఉమ్మితో కట్టుకున్న తెల్లటి గూళ్లు అతుక్కుని ఉన్నాయి. తెల్లవారగానే పిట్టలు పురుగుల కోసం కుమాయ్ నది మీదికి వెళ్లిపోయాయి. మళ్లీ అవి వచ్చేలోపే ఈయన పని తెమలాలి.

నలభై ఏడోది పలకలేదు. విప్పి వాసన చూశాడు. కాలిపోయింది. ఈ వారంలో ఇది ఆరోది.

"చెత్త సరుకు," అని జేబులో వేసుకున్నాడు.

అగ్గిపెట్టెంతేసి స్పీకర్లు మేడ మొత్తానికి రెండువందల పైచిలుకు. వాటిలోంచి రికార్డు చేసిన పిల్లపిట్టల కిచకిచ ఎడతెగకుండా వినిపిస్తుంటే, దారిన పోయే పిట్ట ఇదేదో మనవాళ్ల ఊరే అనుకుని లోపలికొచ్చి కాపురం పెడుతుంది. ఆ గూళ్లు చైనావాళ్ల సూపులోకి పోతాయి. సర్వానీకి ఆ సూపు రుచి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పిట్టలంటే మాత్రం ప్రాణం.

మనిషి పొట్టి, మెడ లావు, కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చ. దుంగలు లాగే టగ్ బోటు ఇంజిను గదిలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. అక్కడి హోరులో మాటలు పనికిరావు, అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లుగా ఈ మేడే ఆయన లోకం. ఆ ఇంజిను తన ఒంట్లోంచి ఏమైనా లాగేసుకుందేమో అని ఆయన ఏనాడూ తడిమి చూసుకోలేదు.

రెండేళ్లుగా పిట్టలు తగ్గిపోతున్నాయి. స్పీకర్ల గొంతు పడిపోయిందనుకుని ఆయన కొంచెం పెంచాడు. ఇంకా తగ్గాయి. ఇంకొంచెం పెంచాడు. ఈసారి గూళ్లు కోసేనాటికి లెక్క పెరగకపోతే మేడను బియ్యం గోదాముకి ఇచ్చేస్తానని యజమానురాలు హజ్జమ్మ మసీతా తేల్చి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి సర్వానీకి అన్నం సయించడం లేదు. గోదాము అయితే ఉన్న ఆ కాసిని పిట్టలూ ఏమైపోతాయి?

కింది అంతస్తులో గూళ్లు శుభ్రం చేసే రబియాతుల్ పళ్లెం ముందేసుకుని, నానబెట్టిన గూళ్లలోంచి పట్కారుతో ఈకల నూగు ఏరుతోంది. సర్వానీ టీ గ్లాసుతో ఎదురుగా కూర్చుని కాలిన స్పీకరు గురించి మొదలుపెట్టాడు. ఆమె తలెత్తి, చెవుల్లోంచి దూది ఉండలు తీసింది.

"ఏంటి పెదనాన్నా?"

"నూగు పోకుండానా ఆ దూది?"

"నూగు ముక్కులోకి పోద్ది గానీ చెవుల్లోకి పోద్దా? నీ స్పీకర్ల దెబ్బకే ఇది. పొద్దస్తమానం రేకు మీద మేకుతో గీకినట్టు గీకుతున్నాయి."

"అది పిట్టల కూతమ్మాయ్."

"అది కూతైతే నాకు దూదెందుకు? ఏడాది నుంచీ చెప్తానే ఉన్నా. నువ్వేమో తలూపి టీ తెచ్చిస్తావు." ఆమె నవ్వింది.

సర్వానీ నవ్వలేదు. ఏడాది పొడుగునా ఆమె టీ అడుగుతోందనే అనుకున్నాడు. గ్లాసు కింద పెట్టి, మెట్ల కిందున్న ఆంప్లిఫయర్ దగ్గరికి వెళ్లాడు.

"నేను తగ్గిస్తా. పిట్ట అనిపించినప్పుడు చెయ్యెత్తు."

ఆయన నాబ్ మెల్లగా వెనక్కి తిప్పాడు. కిచకిచ పలచబడింది. ఆమె చెయ్యెత్తలేదు. ఇంకా తిప్పాడు. శబ్దం పూర్తిగా పోయింది. నాబ్ వదలబోతుంటే ఆమె ఇంకా తిప్పమన్నట్టు వేలు ఊపింది. నిశ్శబ్దంలోనే ఇంకాస్త తిప్పాడు. అప్పుడు ఎత్తింది చెయ్యి.

"ఇదిగో, ఇప్పుడు పిట్టే. పిల్లలు తల్లిని మేత అడుగుతున్నట్టుంది."

"నిజంగా వస్తోందా?"

"వస్తోంది పెదనాన్నా." ఇప్పుడు ఆమె కూడా నవ్వడం లేదు.

సర్వానీ మెట్టు మీద కూలబడ్డాడు. స్పీకర్ల గొంతు పడిపోలేదు. తన చెవికి అందేదాకా పెంచుకుంటూ పోయి, ఆంప్లిఫయర్ శక్తికి మించి అరిపించి, స్పీకర్లు కాల్చి, కూతను గీకుడు చేసి, తన పిట్టలను తన చేత్తోనే తరిమేశాడు. సిగ్గుతో ఆయనకు కళ్లనీళ్లు వచ్చాయి. రబియాతుల్ చూడనట్టు పళ్లెం వైపు తిరిగింది.

సాయంత్రం ఇద్దరూ పెరట్లో నిలబడ్డారు. పిట్టలు నది మీద నుంచి వచ్చి మేడ చుట్టూ తిరిగాయి. ఈమధ్య అవి గోడలోని కన్నందాకా వచ్చి, విదిలించుకున్నట్టు పక్కవాళ్ల మేడకి మళ్లిపోయేవి. ఈరోజూ చాలావరకు అటే పోయాయి. ఐదారు మాత్రం లోపలికెళ్లాయి.

"బయటికి రాలేదు, చూశావా," అంది రబియాతుల్.

ఆయన చూశాడు. మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ మొదలైంది. అది లావు గొంతు, ఆయనకు చక్కగా వినిపించింది.

నమాజు అయ్యాక హజ్జమ్మ వసారాలోకి వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ టీ పోయించింది.

"తప్పు స్పీకర్లది కాదు హజ్జమ్మా, నా చెవులది. రబియాతుల్‌కి చూపించాను, ఇక తను చూసుకుంటది. ఒక్క ఆరు నెలలు మేడ గోదాముకి ఇయ్యమాకండి."

ఆవిడ టీ గ్లాసు బల్ల మీద ఆయన ముందుకు జరిపింది. "సరే, ఆరు నెలలు. నువ్వెక్కడికి పోతావు? గేటు దగ్గర కూర్చో."

"చెవికి అందకపోతే ఈ చెయ్యి ఊరుకోదు. ఎవరూ చూడకుండా పోయి పెంచేస్తాను. నా సంగతి నాకు తెలుసు. పొద్దున బస్సుకి సంపిట్‌లో చెల్లెలి దగ్గరికి పోతాను."

ఆవిడ ఇంకేదో అంది. ఆయనకు వినబడలేదో, వినదలచుకోలేదో, వంగి సలాం చేసి మెట్లు దిగాడు. గేటు వేసి రోడ్డెక్కేదాకా ఆవిడ చూస్తూనే ఉంది.

తాగని టీ పక్కన బల్ల మీద, ఆంప్లిఫయర్ నుంచి పీకి తెచ్చిన నల్ల నాబ్ ఉంది. చుట్టూతా గరుకే. బొటనవేలు ఆనే చోట మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది.