గోడ చూసి నిట్టూర్చే విద్య

గోడకి పడ్డ గుంతల్నీ పగుళ్ళనీ పూడ్చే తెల్లటి ముద్దని లప్పం అంటారు. దాన్ని అద్దంలా పరిచేవాడు ఆ పేట మొత్తానికి ఒక్కడే ఉన్నాడు కాబట్టి, అతన్ని కూడా లప్పం అనే పిలిచేవాళ్ళు. అమ్మానాన్నలు పెట్టిన పేరు పెళ్ళి పత్రిక మీద ఒకసారి అచ్చయింది. ఆ తర్వాత దాని అవసరం ఎవరికీ పడలేదు.

లప్పానికి లోకంలో ఇద్దరంటే గిట్టదు. ఒకడు, తనకి పని ఇచ్చే రంగుల కాంట్రాక్టర్. రెండోవాడు, సరిహద్దు దాటి వచ్చి అదే కాంట్రాక్టర్ దగ్గర సగం కూలికి గోడలు రుద్దుతున్న కొత్తోడు. వచ్చిన కొత్తలో వాడికి మన మాటల్లో తెలిసింది ఒక్కటే మాట, 'సరే'. ఎండలో పరంజా ఎక్కమంటే సరే. టీ మానెయ్యమంటే సరే. ఆదివారం కూడా రమ్మంటే సరే. చూసి చూసి అందరూ వాడికి సరే అనే పేరు పెట్టేశారు. అలా పిలిస్తే దానికీ సరే అన్నాడు.

"ఒక్కసారి 'కుదరదు' అని చావొచ్చు కదరా," అని లప్పం పళ్ళు నూరుకునేవాడు. "మా తాతల నాటి నుంచి బతిమాలీ బామాలీ నిలబెట్టుకున్న కూలి, ఒక్క 'సరే'తో నేలపాలు చేశాడు."

టీ కొట్టు దగ్గర టీవీ ఉంది. అందులో కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన, బయటినుంచి జనం రావడం దేశానికి లాభమేననీ, మనవాళ్ళు చెయ్యని పనులు వాళ్ళు చేస్తారనీ ఒకరోజు తాపీగా వివరిస్తున్నాడు.

"మనవాళ్ళు చెయ్యరా? నేను చేస్తున్నానే, కనబళ్ళేదా?" అన్నాడు లప్పం టీవీతోనే.

"దేశానికి లాభమంటున్నాడు కదా, కాస్త ఓపిక పట్టు," అన్నాడు టీ కొట్టాయన. సరేలాంటి కొత్తవాళ్ళు వచ్చాక ఆయన అమ్మే టీలు రెట్టింపయ్యాయి. ఓపికకి ఆయనకేం తక్కువ?

"దేశానికి లాభమైతే దేశాన్నే వచ్చి నిచ్చెన ఎక్కమను," అని లప్పం గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఆ లేవడమే తడవుగా కాంట్రాక్టర్ ఎదురుపడ్డాడు. పళ్ళ డాక్టరమ్మ గారి మేడంతా మళ్ళీ రంగులేయించాలట. వానాకాలం దాకా చేసినా తరగని పని.

"సోమవారం ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాం. సరేగాడి రేటుకి వస్తానంటే రా. లేదంటే ఇంట్లో కూర్చో," అన్నాడు.

"మీసం రాని రోజుల్నుంచీ మీ దగ్గరే పని చేస్తున్నానండీ."

"అందుకేగా ముందు నీకు చెబుతున్నా."

"సగం కూలికా?"

"రేటు నేను పెట్టానా ఏంటి? మార్కెట్ పెట్టింది."

"ఆ మార్కెట్ అనేవాడి ఇల్లెక్కడో చెప్పండి. వెళ్ళి కాలరు పట్టుకుంటా."

"వెతకడం ఎందుకు? నీ మేడ మీదేగా అద్దెకుంటున్నాడు," అని కాంట్రాక్టర్ పకపకా నవ్వి బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

నిజమే. అదీ లప్పం గొంతులో వెలక్కాయ. ఏళ్ళ తరబడి పిచ్చుకలు తప్ప ఎవరూ ఉండని మేడ మీది గదిని అతని భార్య సరేకి అద్దెకిచ్చింది. ఈ ఊరివాడెవడూ ఆ గదికి ఇవ్వనంత అద్దెకి. ఇంకెక్కడా గది దొరకని సరే, అద్దె ఎంతో చెప్పగానే, సరే అన్నాడు.

"నీ కూలి తగ్గిందని రోజూ ఏడుస్తావు. మన గది అద్దె పెరిగిందని ఒక్కరోజైనా నవ్వావా?" అంది ఆవిడ ఆ సాయంత్రం. "పోయింది నీ జేబులోంచి, వచ్చింది నా డబ్బాలోకి. మధ్యలో దేశానికి ఏం నష్టం?"

"ఇంట్లోనే ఆర్థిక మంత్రిని పెట్టుకుని నేను టీవీ దగ్గర నిలబడ్డం నా బుద్ధి తక్కువ. అయినా వాడు నన్ను బావా అంటాడేంటే?"

"అక్క మొగుణ్ణి బావ అనక బాబాయ్ అంటారా?"

"వాడికి నువ్వు అక్కవెప్పుడయ్యావు?"

"అడ్వాన్స్ ఇచ్చిన రోజు."

బావ బతుకు కోరేవాడు బావమరిది అని సామెత. ఈ బావమరిది బావ బతుకు కోరుతూనే, నవ్వుమొహంతో బావ కూలి మింగేస్తున్నాడు. లప్పం మంచం మీద అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. సగం కూలికి పోతే జన్మలో మళ్ళీ పూర్తి కూలి మొహం చూడలేడు. పోకపోతే భార్య డబ్బాలోంచి టీ డబ్బులు అడుక్కోవాలి. ఆ రెండోదాని కంటే పరంజా మీంచి దూకడం నయం. అలా దొర్లుతుండగానే బుర్రలో చటుక్కున వెలిగింది. వాడు తక్కువకి వస్తున్నాడనే కదా వాడి మీద మోజు? వాడు కూడా నా రేటే అడిగితే? మాట కూడా సరిగ్గా రానివాణ్ణి నా రేటుకి ఎవడు పెట్టుకుంటాడు? వాడి కూలి పెంచితే చాలు, వాడి పీడ విరగడవుతుంది!

ఇందులో మంచితనం ఆవగింజంతైనా లేదు. ఉందని ఎవరైనా అంటే లప్పమే తిట్టిపోస్తాడు.

పొద్దున్నే మేడెక్కి సరేని గోడ ముందు నిలబెట్టాడు.

"ఒరేయ్, రంగుల పనిలో అసలు విద్య బ్రష్షులో లేదు, నిట్టూర్పులో ఉంది. నువ్వు గోడ కనబడగానే పెళ్ళికూతుర్ని చూసినట్టు నవ్వుతావు. నవ్వే మేస్త్రీకి ఎవడిస్తాడురా రేటు? ముందు చెయ్యి వెయ్యి. జ్వరం చూసినట్టు వెయ్యి. ఆఁ. వేలితో రెండు దెబ్బలు కొట్టు. ఇప్పుడు తల అడ్డంగా ఊపి, చ్చ్ అను."

"చ్చ్," అన్నాడు సరే.

"పిల్లిని పిలిచినట్టుంది. పోయినవాడి మంచితనం తలుచుకున్నట్టుండాలి."

"ఎవరు పోయారు బావా?"

"గోడ పోయింది. అను."

ఎండెక్కేసరికి కుదిరింది. ఆ తర్వాత రెండో పాఠం. నిట్టూర్చాక, ఇంటివాళ్ళ వైపు తిరిగి జాలిగా అడగాలి: "ఎవరండీ ఇంతకు ముందు చేసింది?" వాళ్ళు ఎవరి పేరు చెప్పినా మూడో మాట వదలాలి: "తక్కువ రేటుకి పని ఇలాగే ఉంటుందండీ."

"ఇంటావిడ ముందే మొదలుపెట్టు. ఆవిడ ముందైతే కాంట్రాక్టర్ నోరు మెదపలేడు. ఈ మూడూ వరసగా అనాలి. మధ్యలో ఎవరేమన్నా పట్టించుకోకు, జవాబు చెప్పావంటే బేరంలో పడ్డట్టే. మూడూ అయిపోతే మళ్ళీ మొదటికి రా."

సరే గుండెల నిండా గాలి పీల్చి వరసగా అప్పజెప్పాడు. కింద నుంచి లప్పం భార్య గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందయ్యా గోడకి? కూలుతోందా?"

"ఏం కాలేదు, పాఠం చెబుతున్నా."

"పాఠమేంటి నా తలకాయ! నా కాళ్ళు వణికిపోయాయి."

లప్పం శిష్యుడి వైపు గర్వంగా చూశాడు. గరిటె పట్టుకున్న మనిషినే వణికించాడంటే విద్య అబ్బినట్టే.

సోమవారం ముగ్గురూ డాక్టరమ్మ ఇంటికి వెళ్ళారు. రేటు సంగతి చూసి చెబుతానని లప్పం కూడా వెనకే నడిచాడు. డాక్టరమ్మ ఆసుపత్రికి వెళ్ళే తొందరలో ఉంది. హాల్లో నిలబడి గడియారం చూసుకుంటోంది.

"గోడలు రాయిలా ఉన్నాయమ్మా. పైపైన రెండు పూతలు పూస్తే చాలు," అంటున్నాడు కాంట్రాక్టర్.

సరిగ్గా అప్పుడే లప్పం కళ్ళు కిటికీ పక్క మూలకి పోయాయి. అక్కడ గోడ మీద చిన్న అల. చెయ్యి తిప్పినప్పుడు పడే అల. ఆ తిప్పుడు లోకంలో ఒక్క చేతికే ఉంది, అది ఇప్పుడు తన జేబులో ఉంది. కొన్నేళ్ళ కిందట ఈ హాలు చేసింది తనే! నెలకో ఇల్లు చేసేవాడికి ఇళ్ళు గుర్తుండవు. డబ్బిచ్చినవాళ్ళకి మాత్రం గోడలు గుర్తుంటాయి.

శిష్యుడికి అన్నీ నేర్పాడు గానీ, అడిగేముందు ఆ గోడ మనం చేసింది కాదని చూసుకోవాలని నేర్పలేదు. వద్దు వద్దని కాంట్రాక్టర్ వీపు వెనక నుంచి రెండు చేతులూ ఊపాడు. గురువు హుషారు చేస్తున్నాడనుకుని సరే తల పంకించి, గోడ మీద చెయ్యి వేశాడు. రెండు దెబ్బలు కొట్టాడు. తల అడ్డంగా ఊపాడు.

"చ్చ్..."

ఆ హాల్లో అప్పుడే ఎవరో పోయినట్టయింది.

డాక్టరమ్మ గడియారం చూసుకోవడం ఆపేసింది. ఆ చప్పుడు ఆవిడకి కొత్త కాదు. రోజూ ఎవరో ఒకరి నోట్లో అద్దం పెట్టి తను చేసేదే. దాని వెనకాల ఎంత బిల్లు వస్తుందో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ అవతలివైపు నిలబడి వినడం ఇదే మొదలు. తెలిసినా భయం భయమే.

"ఏమైంది?" అంది గొంతు తగ్గించి.

"ఎవరండీ ఇంతకు ముందు చేసింది?"

"ఎవరేంటి? ఈయనే!" అని కాంట్రాక్టర్‌ని చూపించింది.

"తక్కువ రేటుకి పని ఇలాగే ఉంటుందండీ."

"తక్కువ రేటా?" డాక్టరమ్మ నిటారుగా నిలబడింది. "ఈయన అడిగినంతా ఇచ్చానే! నేనిచ్చింది ఏమైనట్టు?"

"అమ్మా, వాడికి మాటలు రావు, ఏదో వాగుతున్నాడు. ఒరేయ్, నోర్ముయ్!" అన్నాడు కాంట్రాక్టర్.

మధ్యలో ఎవరేమన్నా పట్టించుకోకూడదు. గురువాజ్ఞ. మూడూ అయిపోయాయి కాబట్టి సరే మళ్ళీ మొదటికి వచ్చాడు. చెయ్యి వేశాడు, రెండు దెబ్బలు కొట్టాడు. ఈసారి గోడలోంచి అప్పడమంత పెచ్చు ఊడి కాంట్రాక్టర్ బూటు మీద పడింది.

"చ్చ్... ఎవరండీ ఇంతకు ముందు చేసింది?"

"చెప్పాను కదయ్యా, ఈయనే!" డాక్టరమ్మ అరిచినంత పని చేసింది.

కాంట్రాక్టర్ నుదురు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. "నేను చేశానా అమ్మా? నేను చేయించానంతే. ఈ గోడ చేసిన చెయ్యి ఇదిగో, వీడిది! ఈ లప్పంగాడిది! వీణ్ణి ఈ పనిలోంచే కాదు, మొత్తానికే తీసేస్తున్నా."

అందరూ లప్పం వైపు చూశారు. సగం కూలి సంగతి దేవుడెరుగు, అసలు కూలికే నీళ్ళొదులుకోవాల్సి వచ్చింది. ఆ గోడకి ఆనాడు రంగు కింద పూసే ప్రైమర్ ఒక్క పూతతో సరిపెట్టమన్నది ఎవరు, మిగిలిన డబ్బాలు ఎవరి బండెక్కాయి, చెప్పాల్సింది చాలా ఉంది. కానీ బడి మానేసిన నాటి నుంచీ పెద్దవాళ్ళ ముందు అతనికి పొడుగు మాటలు రావు. ఏం చెయ్యాలో తోచక గోడ దగ్గరికి నడిచాడు. తన చేతి అల మీద తన చెయ్యే పెట్టాడు.

"చ్చ్..." అన్నాడు.

ఎన్నో గోడల ముందు నిట్టూర్చిన మనిషి, నటన లేకుండా నిట్టూర్చడం అదే మొదటిసారి.

"తక్కువ రేటుకి పని ఇలాగే ఉంటుందండీ," అన్నాడు.

"ఇలాగే ఉంటుందండీ," అని సరే వంత పాడాడు. పాఠంలో లేకపోయినా, బావ అన్నాడు కదా అని.

డాక్టరమ్మ చేతిసంచి బల్ల మీద పెట్టింది. తొందర పోయింది. "నేనిచ్చింది ఎక్కడ ఆగిపోయిందో తెలిసింది. గోడలన్నీ గోకించి మొదట్నుంచీ చెయ్యాలి. ఆ నిట్టూర్చిన ఇద్దరూ చెయ్యాలి, మూడోవాడు గోడ ముట్టుకోకూడదు. వీళ్ళ కూలి పూర్తిగా ఎంతో నా ఎదుటే వీళ్ళకి చెప్పండి. లేదంటే వేరే కాంట్రాక్టర్‌ని చూసుకుంటా, ఈ పెచ్చు కూడా వాడికే చూపిస్తా."

కాంట్రాక్టర్ బూటు మీది పెచ్చుని చూశాడు, గోడని చూశాడు. "సరే," అన్నాడు. ఆ మాట ఆయన నోట ఇంతకు ముందు విన్నవాళ్ళు లేరు.

"ఏంటండీ?" అన్నాడు సరే, తననే పిలిచాడనుకుని.

ఆ రోజు ఇంటికి వెళ్తూ లప్పం లెక్క వేసుకున్నాడు. వాడి పీడ వదిలించుకుందామని నేర్పిన విద్యకి వాడు వదల్లేదు సరికదా, పక్కనే పాతుకుపోయాడు. తన కూలి మాత్రం తన కూలే అయి వచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలియక టీ కొట్టు దగ్గర ఆగి రెండు టీలు చెప్పాడు.

నెల మొదట్లో లప్పం భార్య అద్దె కోసం మేడెక్కింది. కింద వాకిట్లో బ్రష్షులు కడుక్కుంటున్న లప్పానికి పై నుంచి ఒక చప్పుడు వినిపించింది. చ్చ్. 'ఓరి నా శిష్యా' అనుకున్నాడు.

ఆవిడ మెట్లు దిగి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"గోడ మీద చెయ్యి వేశాడయ్యా. నీళ్ళ ట్యాంకు కింద చెమ్మ ఉందట. ఎవరు చేశారక్కా ఇంతకు ముందు అన్నాడు. ఇంకెవరు, మీ బావే అన్నా. ఈ గోడకి ఈ అద్దె రాదక్కా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నా. నువ్వైనా అదే అందువు, ఆ చప్పుడు వింటే."

"తగ్గించేశావా!"

"ఇప్పుడు పోయింది నా డబ్బాలోంచి, వచ్చింది నీ జేబులోకి. దేశానికి ఏం నష్టం? అన్నట్టు, ఆదివారం ఆ గోడ గోకి రంగేస్తావని కూడా మాటిచ్చా. ఇంటివాళ్ళమాయె, కూలి ఎవరిస్తారు మనకి?"

ఆదివారం లప్పం మేడ మీది గదిలో నిచ్చెనెక్కి, పైసా కూలి లేకుండా, తన గోడని తనే గోకుతున్నాడు. కింద సరే టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. వాడిప్పుడు ఆదివారాలు పని చెయ్యడు. కుదరదంటాడు.

"బావా, ఆ మూల మిగిలింది."

లప్పం ఆ మూలని చూశాడు. కింద ఉన్నవాణ్ణి చూశాడు. గోడ మీద చెయ్యి వేసి, తల అడ్డంగా ఊపి, చ్చ్ అన్నాడు.

సరే టీ ఒక గుక్క తాగి, కాస్త ఆలోచించి, "పిల్లిని పిలిచినట్టుంది బావా," అన్నాడు.