రెండో జీపు షెడ్డుకెళ్ళింది

ఆ పురపాలక సంఘంలో ఇంజనీరమ్మ కింద రెండు విభాగాలుండేవి. ఒకటి రోడ్లు వేసేది, రెండోది వాటిని తవ్వేది. రెండోదాన్ని కాగితాల మీద మంచినీటి విభాగం అనేవారు గానీ, జనం ఎరిగినంతవరకూ దాని పని తవ్వడమే.

ఆ విభాగాల పెద్దలిద్దరూ స్వయానా బావా బావమరుదులు. నీళ్ళాయన అక్కనే రోడ్డాయన చేసుకున్నాడు. ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క గదులు. మధ్యలో తలుపు ఉంది. తలుపుకి అడ్డంగా ఇటు ఒక బీరువా, అటు ఒక బీరువా కూడా ఉన్నాయి. రోడ్డాయన తన ఇంటి ముందు ముచ్చటపడి వేయించుకున్న రోడ్డును మర్నాడే నీళ్ళాయన పైపు కోసం నిలువునా తవ్వించాడు. "ముందు చెప్పొచ్చుగా" అని ఈయన, "ముందు అడగొచ్చుగా" అని ఆయన. ఆ రోజుతో మాటలు బంద్. మధ్యలో ఆ ఇల్లాలు పండక్కి తమ్ముణ్ణి పిలవాలా, మొగుడికి అన్నం పెట్టాలా అని నలిగిపోతోందని ఆఫీసంతా చెప్పుకునేవారు.

కొత్తగా వచ్చిన కమిషనరు ఒకనాడు ఇంజనీరమ్మను పిలిచి, "బజారు వీధి రోడ్డు వానల్లోపు పడాలమ్మా. పడ్డాక ఎవరైనా తవ్వారో, ఆ గోతిలో ముందు పడేది మీ కుర్చీయే" అన్నాడు. బదిలీ అంటే ఆమెకు భయం లేదు. మొగుణ్ణీ పిల్లల్నీ ఇక్కడ వదిలేసి, సొంత ఇంటికి చుట్టపుచూపుగా రావడమంటేనే భయం.

వెంటనే ఇద్దర్నీ కూచోబెట్టి మీటింగు పెట్టింది.

"మేడమ్, పైపు ఎప్పుడు వేస్తారో కనుక్కోండి" అన్నాడు రోడ్డాయన ఫ్యానుకేసి చూస్తూ.

"మేడమ్, రోడ్డు ఎప్పుడు వేస్తారో చెబితే, చెబుతామని చెప్పండి" అన్నాడు నీళ్ళాయన కిటికీకేసి చూస్తూ.

ఇద్దరి కుర్చీల మధ్యా మూరెడు దూరం లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారి దగ్గర చతికిలబడి గోడు వెళ్ళబోసుకుంది. అత్తగారు అంతా విని, "కొత్తలో నువ్వూ పెద్దకోడలూ ఎలా ఉండేవాళ్ళో గుర్తుందా?" అంది.

"ఇప్పుడదెందుకు లెండి అత్తయ్యా."

"ఎవరి గిన్నె వాళ్ళది, ఎవరి కూర వాళ్ళది. ఒకళ్ళు వంటింట్లోకొస్తే ఇంకొకళ్ళు పెరట్లోకి. మరి ఎలా కలిశారే?"

"రెండో పొయ్యి పాడైందిగా. ఉన్నది ఒక్కటే అయ్యేసరికి, నీదయ్యాక నాది అని మాట్లాడుకోక తప్పలేదు..." అంటూనే ఇంజనీరమ్మ చటుక్కున అత్తగారికేసి తిరిగింది. "అత్తయ్యా!"

"పొయ్యికేం రోగం? మీట పీకి పప్పుడబ్బాలో పడేశాను."

"మెకానిక్కొచ్చి ఇక బాగుపడదన్నాడు కదా!"

"కాఫీ ఇచ్చాన్లే."

మర్నాడు నీళ్ళ విభాగం జీపు షెడ్డుకెళ్ళింది. దాని ఇంజను ఎప్పట్నుంచో దగ్గుతూనే ఉంది కనక అబద్ధమని అనడానికీ లేదు. ఇక ఇద్దరూ ఒకే జీపులో తిరగాలి. వెనక సీట్లో మధ్యలో మూడో మనిషి పట్టేంత చోటు వదిలి, చెరో తలుపుకీ అతుక్కుని కూచున్నారు.

"డ్రైవరూ, ఇక్కడ పైపు జానెడు లోతులోనే ఉందని ఆయనకి చెప్పు."

"డ్రైవరూ, నాకు చెవుడు లేదని చెప్పు."

అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, చివరికి డ్రైవరు ఇంజనీరమ్మ దగ్గరకొచ్చాడు. "మేడమ్, మా ఆవిడ అన్నానికి రమ్మంటే, 'మీరు రమ్మన్నారని ఆయనకి చెబుతా' అంటున్నాను. నాకేదో అయింది."

"పాపం, అలిసిపోయావయ్యా. సెలవు తీసుకో."

"నేనడక్కుండానే?"

"అడక్కుండానే."

డ్రైవరు లేని రోజున రోడ్డాయనే చక్రం పట్టాడు. నీళ్ళాయన యజమానిలా వెనక కూచున్నాడు. బజారు వీధి మలుపులో ఒక గొయ్యి ఉంది. నీళ్ళాయన మనుషులు తవ్వింది, రోడ్డాయన మనుషులు పైపైన మట్టి కప్పింది. జీపు తిన్నగా అటే పోతోందని నీళ్ళాయన చూశాడు. చెబితే తానే ముందు మాట్లాడినట్టు. చెప్పకపోతే పడినట్టు. పరువా ప్రాణమా అని ఆయన తేల్చుకునేలోపు ముందు చక్రం కూరుకుపోయింది.

"ఆపు బావా!"

"ఇప్పుడా చెప్పేది?"

"కళ్ళెక్కడ పెట్టి నడుపుతున్నావ్?"

"తవ్విందెవరు?"

"పూడ్చిందెవరు? అసలు మట్టి గట్టిపడేలా దిమ్మిస కొట్టించారా?"

"మళ్ళీ తవ్వుతారుగా, దండగెందుకని కొట్టించలేదు!"

"పైపింకా వెయ్యలేదు, తవ్వక పూజ చేస్తామా?"

"ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా!"

"ముందు అడగొచ్చుగా!"

ఇంజనీరమ్మ రోజూ కూరలు కొనే ఆ వీధి కూరగాయలావిడ ఆమెకు ఫోను చేసింది. "అమ్మా, మీవాళ్ళిద్దరూ నడివీధిలో తిట్టుకుంటున్నారు!"

"ఎవరి ద్వారా?"

"ద్వారా ఏంటమ్మా, మొహమ్మీద మొహం పెట్టి!"

"అమ్మయ్య" అని ఇంజనీరమ్మ టీ తెప్పించుకుంది.

కూరగాయలావిడ చూస్తుండగానే ఇద్దరూ కిందికి దిగి, "నువ్వటు పట్టు", "కాదు బావా, ఇటు" అనుకుంటూ జీపును నెట్టారు. సాయంత్రానికి మోకాళ్ళదాకా బురదతో కలిసి ఆఫీసుకొచ్చారు. ముందు పైపు, ఆ పైన దిమ్మిస, ఆ పైన రోడ్డు. ఎవరి పని ఎప్పుడో దారిలోనే తేల్చుకున్నారు. బజారు వీధి రోడ్డు పడింది. వానలొచ్చి వెళ్ళాయి. ఎవరూ తవ్వలేదు. కమిషనరు ఇక కుర్చీ ఊసెత్తలేదు. మధ్య తలుపుకున్న బీరువాలూ గోడవారకు జరిగాయి.

ఆ తలుపులోంచే ఒకరోజు ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డారు.

"మేడమ్, మేమిద్దరం ఒక మాటనుకున్నాం" అన్నాడు రోడ్డాయన.

"మా పని మేం చూసుకుంటున్నాం కదా, ఇక వారం వారం మీటింగెందుకని" అన్నాడు బావమరిది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తగారు ఆశ్చర్యపోలేదు. "అంతేనే. మీ తోడికోడళ్ళిద్దరూ ఒకటయ్యాక ముందు చేసిందేంటి? నన్ను వంటింట్లోంచి సాగనంపడం."

"విశ్రాంతి తీసుకోమన్నాం అత్తయ్యా!"

"నేనూ అదే అంటున్నా. నువ్వూ తీసుకో" అంటూ ఆవిడ చిక్కుడుకాయల పళ్ళెం కోడలి ఒళ్ళోకి జరిపింది.