ఉత్తుత్తి కడుపునొప్పి

ఆ మధ్యాహ్నం నా కూతురికి మళ్ళీ మళ్ళీ కడుపునొప్పి వచ్చింది. ఒక కుర్ర డాక్టరు వెళ్ళగానే తగ్గిపోయేది, ఇంకొకరు తలుపు తట్టగానే మొదలయ్యేది.

ఎదిగే వయసు పిల్లలతో ఎలా మాట్లాడాలో కొత్త డాక్టర్లకు నేర్పే గది అది, ఆసుపత్రి పై అంతస్తులో. నాటకాల్లో వేషాలు వేస్తానని తెలిసి పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచింది. పదిహేనేళ్ళ మా పిల్లను కూడా వెంటబెట్టుకెళ్ళాను. అది రోగి, నేను దాని తల్లి. నాకు వేషం కట్టే శ్రమ కూడా లేదు.

గదిలో సింకు ఉంది, నీళ్ళు రావు. సీసాలున్నాయి, మందుల్లేవు. కిటికీకి కట్టిన ఆకుపచ్చ తెరలోంచి వచ్చే వెలుగులో మా చేతులు నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించేవి. అదే ప్రశ్న, అదే జవాబు, మళ్ళీ అదే తలుపు. కాసేపటికి ఏది ఆటో ఏది నిజమో తెలిసేది కాదు. ఒక్కోసారి నా కడుపులోనే నొప్పి మొదలయ్యేది.

ఆ కుర్ర డాక్టర్లు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. నొప్పి దానిది, ప్రశ్న నాకు. "పాపకి ఎప్పట్నించండీ?" అంటారు. నేను ఊరుకుంటానా, గడగడా చెప్పేస్తాను. అది పక్కన గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. నన్ను మర్యాదగా బయటికి పంపడమే అసలు పరీక్ష. పంపబోతే వాదించమని డాక్టరమ్మ చెప్పింది. వాదన నాకు వెన్నతో పెట్టిన విద్య, చాలామంది తోక ముడిచారు.

చివరగా వచ్చిన అమ్మాయిని, దాని నిదానం చూసి, తోటివాళ్ళు నత్త అంటారు. జారిపోయే కళ్ళద్దాలు సర్దుకుంటూ, కుర్చీని నా కూతురివైపు తిప్పుకుని కూర్చుంది.

"అమ్మా, మేమిద్దరం కాసేపు మాట్లాడుకుంటాం. మీరు బయట కూర్చుంటారా?"

"నా పిల్ల గురించి నాకు తెలీనిదేముందమ్మా?" అన్నాను, వేషానికి తగ్గట్టు.

"ఏమీ ఉండకపోవచ్చండీ. అయినా తన నోటితో వినాలని."

లేచి బయటికి నడిచాను.

వరండాలో బెంచీ మీద ఎండ వెచ్చగా ఉంది, కునుకు పట్టింది. కలలో మా పిల్ల పసిదై, ఆ నీళ్ళు రాని కుళాయి కింద చేతులు పట్టుకుని నిలబడింది. గంట మోగి మెలకువ వచ్చింది. గంట మోగితే పరీక్ష అయిపోయినట్టే. కానీ తలుపు తెరుచుకోలేదు. పక్కగదిలో కూర్చుని, గోడకున్న అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ మైకులో వినే పెద్ద డాక్టరమ్మ మాత్రం వచ్చి నా పక్కన కూర్చుంది.

"నత్తకింకా తెమల్లేదా?" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "మనం నేర్పిన మాటలు మీ అమ్మాయి ఆపేసింది. సొంత మాటలు మొదలుపెట్టింది. నేను వినకూడదని మైకు కట్టేసి, అద్దానికి తెర లాగి వచ్చేశాను."

"ఏమంది?"

"తనే చెప్పాలి మీకు."

"నేను తల్లినండీ!"

లేచి తలుపు మీద చెయ్యి వేశాను. లోపల నా కూతురి గొంతు, చిన్నగా, ఆగి ఆగి. నాతో అది అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఆ నత్త మీద నాకు పట్టరాని కుళ్ళు పుట్టింది. కానీ నేను తలుపు తీస్తే ఆ గొంతు ఆగిపోతుందని భయం కూడా వేసింది. చెయ్యి తీసేసి వచ్చి కూర్చున్నాను.

చాలాసేపటికి నత్త బయటికి వచ్చింది. "మిమ్మల్ని రమ్మంటోందండీ. నన్ను కూడా ఉండమంది."

లోపల మా పిల్ల నావైపు చూడకుండా చెప్పింది. "కడుపులో ఏం లేదమ్మా. రోజూ పడుకునేటప్పుడు, రేపు లేవకపోతే బాగుండు అనిపిస్తోంది."

దాని పక్కనే కూలబడ్డాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"ఏడుస్తావని."

"ఏడుస్తానే. ఎందుకేడవను? నువ్వు మాత్రం ఆపకు, చెప్పు."